అయిదో డబ్బా

ఆ పొద్దున ఆకాశం కురుస్తానని కమ్ముకొచ్చింది. తొమ్మిదయ్యేసరికి ఏమనుకుందో ఏమో, ఒక్క చినుకూ రాల్చకుండా పలచబడి, సరిగా తుడవని పలకలా తెల్లటి చారలతో మిగిలిపోయింది.

నిదానం గొడుగు తీసుకునే బయల్దేరాడు. అది ఆయన అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్లు పెట్టింది. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివుగా గది అద్దెకు తీసుకున్నా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. తలుపు మీద బోర్డు ఎవరూ చదవరు. నిదానంగారి ఆఫీసు ఎక్కడని అడుగుతారు.

గుమ్మం దాటబోతూ లోపలి గదిలోకి తొంగిచూశాడు. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లు కుడిభుజాన సంచి మోసి ఉత్తరాలు పంచిన మనిషి, రిటైరయ్యాక కూడా పొద్దున్నే నడకకని నాలుగు వీధులు చుట్టి వచ్చేవాడు. తొమ్మిది రోజులుగా మంచం దిగడం లేదు.

"జ్వరమేనా వదినా?"

"ఒళ్లు చల్లగానే ఉంది. మాటే లేదు." వదిన పక్కన గుండీల డబ్బా పెట్టుకుని మరిది చొక్కాకు గుండీ కుడుతోంది. "అయినా మీ అన్నదమ్ములకు మాటల కరువు కొత్తా? ఇద్దరి మధ్యా నేనే రేడియోని."

పుట్టినరోజుకు అన్నయ్య ఇచ్చిన ఫోను జేబులో వేసుకుని, నిదానం మెట్లు దిగాడు. సాయంత్రం అయిదు దాకా టైముంది. అయిదు దాటితే ఒక మనిషి గొంతు ఈ లోకంలో ఉండదు.

ఆ మనిషి టీచరమ్మ. చిన్నప్పుడు ఈ అన్నదమ్ములిద్దరికీ అక్షరాలు దిద్దించింది ఆమే. ఇప్పుడు రెండు వీధుల అవతల, ఒక భవనం మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది. నిరుడు జబ్బు చేసి గొంతుకు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పారు. ఆపరేషనుకు ముందు నలభై రోజులు కూర్చుని, మూడు వేల వాక్యాలు ఫోనులోకి చదివింది. ఆ తర్వాత ఆమె ఏది రాసినా ఫోను దాన్ని ఆమె గొంతుతోనే పలికేది. నిదానానికి ఎక్కాలు చెప్పిన గొంతే, అదే విసుగు, అదే ముద్దు.

తొమ్మిది రోజుల కింద ఫోను కంపెనీ ఆమె ఖాతాకు తాళం వేసింది. ఆ ఖాతా మీద అయిదు కొత్త ఫోన్లు కొని, తిరిగి అమ్మడానికి ఒక దళారికి చేర్చారట. తమ దగ్గర కొన్నది వాడుకోవడానికే తప్ప మారుబేరానికి కాదన్నది కంపెనీ నియమం. నియమం తప్పినవాళ్ల ఖాతా మొత్తం మూత. ఉత్తరాలు, ఫోటోలు, అన్నీ. గొంతు కూడా. తప్పు తనది కాదని గడువులోగా రుజువు చేసుకోకపోతే అన్నీ చెరిపేస్తారు.

ఆ గడువే ఇవాళ సాయంత్రం అయిదు.

తలుపు తీస్తూనే టీచరమ్మ పలక చూపించింది. ముందే రాసి పెట్టుకుంది. 'కేసు వదిలెయ్. నీ ఫీజు ఇచ్చేస్తాను.'

"ఫీజు అడగడానికి రాలేదు టీచర్."

పిలిచి కేసు అప్పగించింది ఆమే. మొన్నటిదాకా రోజుకు రెండుసార్లు 'ఏమైంది?' అని రాసి చూపించేది. మొన్న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పట్నుంచి ఈ వరస.

నిదానం ఆ ఉత్తరం బల్ల మీద పరిచి, ఫోను తీసి ఫోటో కొట్టాడు. ఆ ఫోను కేసి చూసి ఆమె చూపు తిప్పుకుంది.

"ఆర్డరు పెట్టింది నెలన్నర కింద ఒక మంగళవారం పొద్దున పది పన్నెండుకి. మీ ఫోన్లోంచే. అప్పుడు మీరెక్కడ?"

'ఆస్పత్రి.'

"అవును. అక్కడి రిజిస్టరు చూశాను. పదింటికి స్కానింగు గదిలోకి వెళ్లారు, పది ముప్పై అయిదుకి బయటికొచ్చారు. లోపలికి ఫోను రానివ్వరు. ఎవరి చేతికిచ్చారు?"

సుద్దముక్క పలక మీద ఆగింది. 'కుర్చీలో పెట్టాను.'

"దాని తాళం నంబరు ఎవరికి తెలుసు?"

'ఎవరికీ తెలీదు.'

"అయితే కుర్చీకి తెలుసన్నమాట."

ఆమె నవ్వలేదు.

"స్కానింగు తర్వాత కళ్లు తిరుగుతాయని తోడు లేకుండా ఎవర్నీ పంపరు టీచర్. తోడు ఎవరొచ్చారు?"

'ఒక్కదాన్నే.'

"ఇంకోటి. ఈ కాయితం కింద మూల 'రెండులో ఒకటి' అని ఉంది. రెండో పేజీ ఏది?"

ఆమె తడిగుడ్డ తీసుకుని పలక తుడిచింది. తుడిచిందే తుడిచింది. తరగతిలో ఎవరైనా తప్పుచేసి దొరికిపోతే, వాడి మొహం చూడకుండా ఇలాగే బల్ల తుడుస్తూ నిలబడేది. దొరికిన పిల్లవాడి కంటే ఆమెకే ఎక్కువ సిగ్గుగా ఉండేది.

"అయిదింటికి మీ గొంతు చెరిపేస్తారు."

ఆమె రెండు ముక్కలు రాసింది. 'నాదే కదా.'

పదకొండున్నరకు నిదానం దళారి కొట్లో ఉన్నాడు. బజారులో బట్టల దుకాణం కింద, మెట్లు దిగితే వచ్చే గది. నేల నుంచి పైకప్పు దాకా తెల్లటి అట్టడబ్బాలు. దళారి చేతులకు నూలు తొడుగులు వేసుకుని, ఒక్కో డబ్బానూ పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి సర్దుతున్నాడు. వేలిముద్ర పడినా ధర పడిపోతుందట.

"పోలీసా?"

"కాదు."

"అయితే టీ తాగండి."

"టీచరమ్మ ఖాతా మీద వచ్చిన అయిదు డబ్బాల గురించి."

"నాలుగు," అన్నాడు దళారి, అడిగీ అడగకముందే. తర్వాత నాలుక కరుచుకున్నాడు.

"ఆర్డరు అయిదు."

"నాకు చేరినవి నాలుగేనండీ. ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి. అయిదోదాన్ని ఎక్కడో పడేశాడు, మూల సొట్టపోయింది. సొట్టపోయినదాన్ని నా దగ్గర కొనేవాడు ముట్టుకోడు. కమీషను బదులు అదే ఉంచుకుంటానన్నాడు ఆయన. ఇంట్లో ఒకరికివ్వాలన్నాడు."

"ఎవరాయన?"

"పేర్లు అడగను, మొహాలు గుర్తుపెట్టుకోను. ఈ వ్యాపారంలో అవి రెండూ రోగాలు." తొడుగులు విప్పి బల్లమీద పెట్టాడు. "పెద్దాయన. చేతిలో మామూలు బటన్ల ఫోను. అలాంటి ఫోనుకు కంపెనీలో ఖాతా ఉండదు కదా, ఇంకెవరిదైనా తెండి, డబ్బు నేను కడతాను, ఎక్కడెక్కడ నొక్కాలో కాయితం మీద రాసిస్తానన్నాను. వెళ్లేముందు ఒక్క మాట అడిగాడు. దీనివల్ల ఆ ఖాతా ఉన్నావిడకు ఏమైనా అవుతుందా అని."

"నువ్వేం చెప్పావ్?"

"ఏం కాదన్నాను."

"అబద్ధం చెప్పావ్."

"తెలిసి చెప్పలేదు సార్. రెండొందల ఇళ్లకు తాళం పడింది, అందులో నాదీ ఒకటి. మా అమ్మ ఫోటోలన్నీ ఆ ఖాతాలోనే. ఆవిడ పోయి మూడేళ్లు." దళారి డబ్బాల వైపు చూశాడు. "మా చెల్లెలు ఫోటోలడుగుతోంది. ఏం చెప్పను? అమ్మను కూడా అమ్ముకున్నానని చెప్పనా?"

నిదానం టీ తాగకుండానే లేచాడు.

టీచరమ్మ ఉండే భవనంలో మెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. పార్సిళ్లు తెచ్చినవాళ్లు అక్కడ ఎవరు కనిపిస్తే వాళ్ల చేత, తమ యంత్రం మీద వేలితో సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. గోడకు ఇనప అలమర, అరకొక ఫ్లాటు నంబరు. టీచరమ్మది పై అర. గడప మీద ఇనప పట్టీ.

నిదానం మోకాళ్ల మీద కూర్చున్నాడు. పట్టీ ఎడమ అంచున, తుప్పుకు అతుక్కుని, గోరంత తెల్లటి అట్టముక్క. మెరిసే కాయితం అంటుకుని ఉంది. ఇక్కడే పడింది అయిదోది. పై అర నుంచి అయిదూ ఒకేసారి దించుకుని, ఎడమచంకలో ఇరికించుకుని బయటికి వస్తూ జార్చాడు. తలుపు కుడిచేతి వాటానికి ఉంది. మామూలుగా ఎవరైనా కుడివైపే పట్టుకుంటారు. కుడిభుజం పని చేయని మనిషి కావాలి. బరువులు మోసి మోసి భుజం దిగిపోయిన మనిషి.

మనసులో ఏదో కదిలింది. కదిలినదాన్ని కదిలినట్టే వదిలేశాడు. అలా వదిలేయడం ఆయనకు అలవాటు లేదు.

"నేల మీద ఏం వెతుకుతున్నారు సార్, పాత ఉద్యోగమా?"

గుమ్మంలో తూటా. ఇదీ పాత స్టేషను పేరే. అప్పట్లో నిదానం కింద పనిచేసినవాడు. ఇప్పుడు ఫోను కంపెనీలో దర్యాప్తు అధికారి. మెడలో కంపెనీ బిళ్ల, చేతిలో ఫైలు.

"ఉద్యోగం దొరకలేదు. నువ్వు దొరికావు," అన్నాడు నిదానం, మోకాళ్లు దులుపుకుంటూ.

"మీ టీచరమ్మ ముఠా మనిషి. వదిలేసి ఇంటికెళ్లండి."

"డెబ్భై ఎనిమిదేళ్ల ఆవిడ. ముఠా."

"నవ్వండి. దీనికేమంటారు మరి?" తూటా ఫైలు తెరిచాడు. టీచరమ్మ చూపించని రెండో పేజీ. పార్సిలు తెచ్చినవాడి యంత్రం మీద పెట్టిన సంతకం తాలూకు నకలు. అక్షరాలు తెలియకుండా చుట్టేసిన గీత. దాని కింద నాలుగంకెలు: 1120.

"కోడు నంబరు. మావాళ్లు మూడురోజులుగా విప్పుతున్నారు. నన్నడిగితే, ముఠాలో పదకొండు వందల ఇరవయ్యో మనిషి అని. ఎంత పెద్ద ముఠానో చూశారా!"

నిదానం చూశాడు. మళ్లీ చూశాడు. ఆ ఒకట్లు రెండింటికీ కింద అడ్డగీత ఉంది. సున్నా పక్కన రెండు చుక్కలున్నాయి.

నాన్న పోయాక ప్రోగ్రెసు కార్డు మీద సంతకం పెట్టింది అన్నయ్యే. అప్పటికి తపాలాలో కొత్తగా చేరాడు. ఏ కాయితం మీద సంతకం చేసినా కింద టైము వేయాలని అక్కడ నేర్పారు. కార్డు మీద కూడా వేశాడు. 0715, రెండు చుక్కలు. తరగతంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. మీ అన్న నీ మార్కులు ఎన్ని గంటలకు చూశాడో కూడా చెప్పాడురా, ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది అంది.

పదకొండు ఇరవై. శుక్రవారం పార్సిలు అందిన టైము. కోడూ లేదు, ముఠా లేదు. ముప్పై అయిదేళ్ల అలవాటు, అంతే. ఈ పేజీ చూడగానే టీచరమ్మకూ తెలిసిపోయింది.

"ఏమంటారు?" అన్నాడు తూటా.

"ఏమీ అనను."

"మీరెప్పుడూ ఏమీ అనరు. అందుకే ప్రమోషను నాకొచ్చింది."

ఇదివరకు నిదానం మౌనంగా ఉన్నాడంటే ఆలోచిస్తున్నట్టు. ఈసారి దాస్తున్నాడు. తేడా తూటాకు తెలియలేదు. తెలియనందుకు నిదానానికి ఇంకా సిగ్గేసింది.

"ఇంకో సంగతి," అన్నాడు తూటా ఫైలు మూస్తూ. "దళారికి చేరని ఫోను ఒకటుంది. అది ఈ చుట్టుపక్కలే ఎవడో వాడుతున్నాడు. దాని తయారీ నంబరులో చివరి నాలుగంకెలు ఏడు, మూడు, సున్నా, ఎనిమిది. వాణ్ని పట్టుకుంటే వాడి ఖాతా కూడా మూతే."

"ఆర్డరు ఆవిడ పెట్టలేదని నేను తేలిస్తే?"

"పెట్టినవాడి ఒప్పుకోలు, ఆ అయిదో ఫోను, రెండూ అయిదులోపల నా బల్ల మీద పెట్టండి. ఆవిడ ఖాతా తెరుస్తాను. మాటంటే మాటే. కానీ అయిదు దాటితే మిషనే చెరిపేస్తుంది, నా చేతిలో ఉండదు."

నిదానం ఇంటికి వచ్చేసరికి మూడుంపావు. జీవితంలో మొదటిసారి గబగబా నడిచాడు.

వదిన ఇంకా కిటికీ దగ్గరే ఉంది. పక్కన గుండీల డబ్బా. తెల్లటి అట్టడబ్బా. నెలన్నరగా రోజూ చూస్తున్నదే. ఎడమ మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. అక్కడ కాయితం గోరంత ఊడిపోయింది.

"వదినా, ఆ డబ్బా ఒకసారి."

"ఏంటి అలా ఉన్నారు? ఎక్కడైనా పడ్డారా?"

గుండీలు ఆమె ఒళ్లో పోసి డబ్బా తిప్పాడు. అడుగున చీటీ. ఏడు, మూడు, సున్నా, ఎనిమిది. జేబులోంచి ఫోను తీసి, దాని నంబరు కూడా చూశాడు. చూడాల్సిన పని లేదని తెలిసీ చూశాడు.

ఊళ్లో వాళ్ల ఇళ్లన్నీ సోదా చేసిన మనిషి. పొద్దున్నుంచి ఈ ఫోనుతోనే ఈ ఫోను కోసం వెతుకుతూ ఫోటోలు తీశాడు. తల తీసేసినట్టయింది.

లోపలి గదిలో మంచం చివర కూర్చున్నాడు.

"పదకొండు ఇరవై," అన్నాడు.

అన్నయ్య గోడవైపు నుంచి తిరగలేదు. గోడతోనే మాట్లాడాడు.

"టైము వేయకుండా సంతకం పెట్టడం రాదురా నాకు. పెట్టేశాక గుర్తొచ్చింది. చెరపమంటే ఆ పార్సిలబ్బాయి చెరపడం కుదరదన్నాడు."

"ఎందుకు చేశావు అన్నయ్యా?"

"నీ పాత ఫోను మాట్లాడుతుంటే మధ్యలో చచ్చిపోయేది. కేసులు పోతున్నాయని మీ వదినతో అన్నావు. విన్నాను. మంగళవారాలు నడకకని చెప్పి ఆవిడకు ఆస్పత్రికి తోడెళ్లేవాణ్ని. అవసరానికి ఉంటుందని తాళం నంబరు ఆవిడే చెప్పింది. అడిగితే ఇచ్చేదిరా. అడగడానికి సిగ్గేసింది." ఊపిరి తీసుకున్నాడు. "అడక్కుండా తీసుకోడానికి సిగ్గెయ్యలేదు, చూడు."

నిదానం ఫోను తీసి మంచం మీద పెట్టాడు.

"తాళం పడిన రోజు నేను అక్కడే ఉన్నా. నాకేదో చెప్పబోయి ఫోనులో రాసింది. అది పలకలేదు. మళ్లీ రాసింది. చివరికి నోరు తెరిచింది, అలవాటు కొద్దీ. గాలి వచ్చింది, అంతే." అన్నయ్య ఇప్పుడు ఇటు తిరిగాడు. "ముప్పై అయిదేళ్లు ఒకళ్ల మాట ఇంకొకళ్లకు మోశాను. వానలో, ఎండలో, ఒక్క ఉత్తరం పోగొట్టలేదు. ఆవిడ గొంతే పోగొట్టాను."

"నాకు చెప్పాల్సింది."

"నీకు కేసు ఇచ్చిందని తెలిసింది. ఎలాగూ పట్టుకుంటావులే అనుకుని పడుకున్నా. తొమ్మిది రోజులు పట్టిందేంరా?"

"ఇంట్లో వెతకలేదు," అన్నాడు నిదానం.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఒళ్లోని గుండీలు ఎప్పుడు కింద పోయాయో ఆమెకే తెలియదు. వెళ్లి కాయితం, కలం తెచ్చి భర్త ముందు పెట్టింది.

అన్నయ్య తపాలా రాతలో, ఒక్క కొట్టివేత లేకుండా ఒప్పుకోలు రాశాడు. సంతకం చేశాడు. కలం ఎత్తబోయి ఆగి, తమ్ముడి మొహం చూసి, కింద టైము వేశాడు. 1550. రెండు చుక్కలు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి అది తూటా బల్ల మీద ఉంది. పక్కన ఫోను, దాని డబ్బా.

తూటా కాయితం చదివాడు. ఆ నాలుగంకెల దగ్గర వేలు ఆగింది. "టైమా?"

"టైమే."

"ఈయన మీ..."

"అన్నయ్య. ఆ ఫోను వాడుతున్నది నేను."

గెలిచిన మొహం పెట్టాలని తూటా చూశాడు గానీ కుదరలేదు. మిషను వైపు తిరిగి ఏవో నొక్కాడు. నాలుగూ యాభై రెండుకు టీచరమ్మ ఖాతా తెరుచుకుంది. ఆ వెంటనే బల్ల మీది ఫోను తెర తెల్లబడి, మీ ఖాతా నిలిపివేశామని చూపించింది.

"మీ ఖాతాలో ఏమున్నాయి సార్?"

"పదకొండేళ్ల కేసులు. నన్ను నమ్మి చెప్పుకున్న వాళ్ల గుట్లు."

తూటా కలం తిప్పాడు. "చెరిపేదాకా అవి మా వాళ్ల దగ్గరుంటాయి. అందులో ఒకళ్లిద్దరు పెద్దవాళ్ల కేసులు కూడా ఉన్నాయని పైవాళ్లకు తెలుసు. ఈ అయిదో ఫోను మీ దగ్గరుందేమోనని వాళ్లు నిన్ననే అనుకున్నారు. అంకెలు మీకు కావాలనే చెప్పమన్నారు." గొంతు తగ్గించాడు. "రేపు తొమ్మిదింటికి అన్నగారిని తీసుకురండి. మీరు కూడా ఒంటరిగా రాకండి, లాయరుతో రండి."

నిదానం గొడుగు అక్కడే మర్చిపోయి వచ్చాడు.

పొద్దువాలే వేళకు వదిన వంట చేసింది. అన్నయ్యను మంచం దిగమని ఎవరూ అడగలేదు. ఆయనే దిగి, మొహం కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని తల వంచుకున్నాడు. మూడు కంచాలు పెట్టింది వదిన. అప్పుడు తలుపు చప్పుడైంది.

టీచరమ్మ. రెండు వీధులు నడిచి వచ్చినందుకు ఆయాసపడుతోంది. చంకలో పలక లేదు. చేతిలో ఫోను ఉంది, తెర వెలుగుతోంది.

వదిన నాలుగో కంచం తెచ్చింది. టీచరమ్మ అన్నయ్యకు ఎదురుగా కూర్చుని ఫోనులో రాయడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఆమె వేళ్లకేసి చూశారు. ఆ గొంతు ఏమంటుందో. తిడితే బాగుండునని అన్నయ్య మొహంలోనే కనిపిస్తోంది.

ఆమె రాసింది. ఆయన వంచిన తలను చూసింది. రాసినదంతా ఒక్కో అక్షరమే చెరిపేసింది. ఫోను బోర్లా పెట్టి చేయి కడుక్కుంది.

వదిన వడ్డించింది. నలుగురూ తినడం మొదలుపెట్టారు. బల్ల మూల గిన్నెలో గుండీలున్నాయి, డబ్బా లేదు.  ముందుగా అన్నయ్య కంచం ఖాళీ అయింది. ఆయన అడగలేదు. టీచరమ్మ అన్నం గిన్నె ఆయన వైపు జరిపింది.